పగిలిందా, పగలగొట్టావా?

(గ్రంథాలయ వారోత్సవాల్లో, కోర్టు ఉద్యోగం నుంచి రిటైరైన ఒక పెద్దాయన చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరసలో కూర్చుంటే ప్రశ్నలు అడుగుతాడని భయమేమో. అడుగుతాను, నిజమే. మార్కులు మాత్రం వెయ్యను.

పరిచయం చేసిన మిత్రుడు నన్ను భాషా పండితుడన్నారు. ఆ మాట వెనక్కి తీసుకోమని మనవి. నేను కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరైనవాణ్ణి. బోనులో నిలబడ్డ మనిషి నోట్లోంచి వచ్చిన మాట కాగితం మీదికి ఎక్కే చోట 30 ఏళ్లు కూర్చున్నాను. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అక్కడ వినబడేవి రెండే మాటలు. వాడిదే తప్పు. నాదేం తప్పు లేదు. అందుకే తప్పు గురించి, నింద గురించి, క్షమాపణ గురించి నాలుగు మాటలు చెప్పమంటే సరేనన్నాను. నా వ్యాకరణం ఎక్కడైనా తప్పితే మీరే సర్దుకోండి. చూశారా, మొదలుపెట్టకముందే ‘తప్పితే’ అనేశాను. సరే, అక్కడి నుంచే మొదలుపెడదాం.

తప్పు అనగానే మనకు వేలెత్తి చూపించడమే గుర్తొస్తుంది. కానీ ఆ మాట రోజంతా ఎన్ని పనులు చేస్తుందో చూడండి. జాతరలో పిల్లాడు తప్పిపోతాడు. చీకట్లో దారి తప్పుతాం. ఎండలో స్పృహ తప్పుతుంది. పెద్ద గండం తప్పుతుంది. కోడలు నెల తప్పిందంటే ఇంట్లో స్వీట్లు పంచుతారు. కొడుకు పరీక్ష తప్పాడంటే అదే ఇంట్లో చీపురు వెతుకుతారు. దారికి అడ్డం నిలబడితే తప్పుకోమంటాం. పెళ్లికి తప్పకుండా రమ్మంటాం. నువ్వు తప్ప నాకెవరున్నారంటాం. ఇందులో ఎక్కడైనా పాపం ఉందా? లేదు. ఉండాల్సిన చోటు నుంచి పక్కకు జరిగిందని చెప్పడం, అంతే. బాణానికి గురి తప్పినట్టు. మన తెలుగు తప్పు అసలు స్వభావం ఇదీ. మనిషి చెడ్డవాడని అది చెప్పదు. గురి కుదరలేదని చెబుతుంది.

పాపం, దోషం, అపరాధం, ఇవన్నీ సంస్కృతం నుంచి వచ్చినవి. బరువైన మాటలు. బరువైనవే కానీ మన చేతికొచ్చాక వాటి గతి ఏమైంది? అపరాధం అన్న మాట మీరు చివరిసారి ఎక్కడ చూశారు? పూజ చివర్లో ‘అపరాధ సహస్రాణి’ అని చదువుతాం. రాత్రింబవళ్లు వేలకొద్దీ తప్పులు చేస్తూనే ఉంటాను, ఓర్చుకో స్వామీ అని. ఆ తర్వాత మళ్లీ ఎక్కడ? ఇదిగో, ఈ లైబ్రరీలోనే. పుస్తకం ఆలస్యంగా తెస్తే అపరాధ రుసుము. దేవుడి దగ్గర వేలకు వేలు, ఇక్కడ రోజుకింత.

పాపం అన్న మాట ఇంకా విచిత్రం. ‘వాడు పాపం చేశాడు’ అంటే వాడు దోషి. మధ్యలో చిన్న కామా పెట్టి ‘వాడు, పాపం, ఏం చేస్తాడు’ అన్నామనుకోండి. దోషి కాస్తా జాలిపడాల్సిన మనిషి అయిపోయాడు. పక్కింటివాళ్ల కష్టం విని ‘అయ్యో పాపం’ అంటాం. అంటే వాళ్లు పాపం చేశారనా? ఎప్పుడో ఏ జన్మలోనో చేసిందాని ఫలమన్న నమ్మకం ఆ మాటలో ఉండే ఉంటుంది. కానీ ఇవాళ అనేటప్పుడు అది ఎవరి మనసులోనూ లేదు. నింద కరిగిపోయి జాలి మిగిలింది. నాకు ఈ మాటంటే చాలా ఇష్టం.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఈ వారంలో మీ ఇంట్లో ఎవరితోనైనా ‘నన్ను క్షమించు’ అన్నవాళ్లు చేతులెత్తండి. ఒక్కరూ లేరా? పోనీ ‘సారీ’ అన్నవాళ్లు? బాగానే ఉన్నారు. ‘సారీ’ కూడా అనకుండా టీ పెట్టి తెచ్చిచ్చి ఊరుకున్నవాళ్లు? మగవాళ్లే ఎక్కువ ఎత్తారు, సంతోషం. కాఫీ అయినా సరే, లెక్కలోకే వస్తుంది.

మన ఇళ్లల్లో ‘క్షమించు’ అన్న మాట వినబడదండీ. వినబడితే నాటకంలా ఉంటుంది, ‘ఏమైంది ఈయనకివాళ’ అని బీపీ చూస్తారు. మరి ఏమంటాం? ‘ఏమనుకోకు’ అంటాం. ‘తప్పయిపోయింది’ అంటాం. కాలు తగిలితే అదీ అనం. తగిలినవాళ్లను చేత్తో తాకి కళ్లకద్దుకుంటాం. అవతలివాళ్లు ‘పర్లేదు’ అంటారు, ‘పోనీలే’ అంటారు, మరీ దగ్గరివాళ్లైతే ‘ఏడిశావులే’ అంటారు.

‘తప్పయిపోయింది’ అన్నదాన్ని ఒక్కసారి విప్పి చూడండి. ఎవరు చేశారు? తెలియదు. వాన పడింది, చీకటి పడింది, తప్పయింది. చేసినవాడు వాక్యంలో లేడు. మన బళ్లో చెప్పారే, కర్త, కర్మ, క్రియ. ఇక్కడ కర్త కనబడకుండా పోయాడు. గ్లాసు కిందపడి ముక్కలైంది. పిల్లాడు ఏమంటాడు? ‘అమ్మా, గ్లాసు పగిలింది’ అంటాడు. అమ్మ ఏమంటుంది? ‘పగిలిందా, పగలగొట్టావా?’ అంటుంది. నేను కోర్టులో 30 ఏళ్లు విన్న వాదనలన్నీ ఈ వంటింటి ప్రశ్నలోనే ఉన్నాయి. పగిలింది, పగలగొట్టాడు. చిరిగింది, చింపాడు. కాలింది, కాల్చాడు. విరిగింది, విరగ్గొట్టాడు. తెలుగులో ఇలా జంటలు జంటలుగా ఉన్నాయి. ఒకదాన్లో కర్త ఉంటాడు, ఇంకోదాన్లో వస్తువు తన మానాన తాను పగిలిపోతుంది.

మాటల ఎంపికలో కూడా ఇదే తెలివి. నేను చేస్తే పొరపాటు, నువ్వు చేస్తే తప్పు, మనిద్దరికీ గిట్టనివాడు చేస్తే నేరం. నేను ‘నోరు జారాను’, నువ్వు ‘తిట్టావు’. నా నోరు జారుతుంది, అరటి తొక్క మీద కాలు జారినట్టు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని సామెత. ఆ సామెతలోనూ జారడమే ఉంది.

పత్రికల్లో చూడండి. ‘అదుపు తప్పి లారీ బోల్తా’. తప్పింది ఎవరు? అదుపు. బోల్తా పడింది ఎవరు? లారీ. డ్రైవరు ఎక్కడ? రెండో పేరాలో ఉంటాడు. ఇది విలేకరుల తప్పు అనను. కేసు తేలకముందే ఒకరి మీద మోపకూడదు కాబట్టి అలా రాయడం ఒకరకంగా మంచిదే. కానీ రాజకీయాల్లోకి ఈ వ్యాకరణం వచ్చిందా, చూసుకోండి. ‘నా వ్యాఖ్యల వల్ల ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే విచారిస్తున్నాను.’ ఎవరైనా అట, ఉంటే అట. నొచ్చుకున్నవాడిదే తప్పన్నట్టుంది. పైగా ‘విచారిస్తున్నాను’. నాలాంటి కోర్టువాడికి ఆ మాట వినగానే, అయితే సాక్షుల్ని పిలుస్తారా అనిపిస్తుంది. విచారం అంటే బాధా ఉంది, విచారణా ఉంది. ఆయనకు ఏది కావాలో ఆయనకే తెలియాలి. అవతలి పక్షం ఊరుకుంటుందా? ‘ముక్కు నేలకు రాసి బేషరతుగా క్షమాపణ చెప్పాలి’ అంటుంది. బేషరతు ఉర్దూ, క్షమాపణ సంస్కృతం, ముక్కు నేలకు రాయడం అచ్చ తెలుగు. డిమాండ్ మాత్రం ఏ పార్టీకైనా ఒకటే.

క్షమాపణ దగ్గర ఆగాలి మనం, ఇక్కడ పెద్ద చిక్కుంది. నేనొక వాక్యం చెబుతాను. ‘ఆయన క్షమాపణ కోరారు.’ అర్థమేంటి? ఆయన సారీ చెప్పారా, ఎదుటివాళ్లను సారీ చెప్పమన్నారా? ఏమ్మా, మీరు చెప్పండి. సారీ చెప్పారంటారా? వెనకనుంచి కాదంటున్నారు. ఇద్దరూ రైటే. పత్రికల్లో రెండు రకాలుగానూ రాస్తున్నారు. సంస్కృతంలో క్షమాపణం అంటే ఎదుటివాడి చేత క్షమింపజేసుకోవడం, అంటే క్షమించమని వేడుకోవడం. వేడుకోలు ఆ మాటలోనే ఉంది. దానికి మళ్లీ ‘కోరు’ తగిలిస్తే వేడుకోలును కోరడం అవుతుంది. అందుకని నా మటుకు నేను క్షమాపణ చెబుతాను, క్షమించమని కోరుతాను, క్షమాపణ కోరను. కొందరు ‘క్షమార్పణ’ అని కూడా రాస్తారు. అది ఇంకా తలకిందులు. క్షమను అర్పించడమట. తప్పు చేసింది తనే, క్షమ సమర్పించేదీ తనేనా? ఉత్తరాల చివర ‘క్షంతవ్యుణ్ణి’ అని రాసేవారు మా రోజుల్లో. క్షమించదగినవాణ్ణి అని. వినయంగా కనిపిస్తుంది గానీ కొంచెం ఆలోచిస్తే, తీర్పు కూడా రాసేవాడే రాసుకున్నాడు!

మరి క్షమ అంటే ఏంటి? ఓర్చుకోవడం. భూమికి క్షమ అని ఒక పేరుంది. దున్నినా తవ్వినా మోస్తుంది కాబట్టి. ఇదే ధాతువు నుంచి ఇంకో మాట వచ్చింది, మీకు రోజూ పేపర్లో కనబడుతుంది. కార్యక్షమత. పని చెయ్యగల సత్తా. చూడండి, ఓర్చుకోవడమూ చెయ్యగలగడమూ ఒకే మాటలో ఉన్నాయి. మోయగలిగినవాడే క్షమించగలడు. విదురుడు ధృతరాష్ట్రుడికి నీతులు చెబుతూ, క్షమించేవాడికి ఒకే ఒక్క దోషం, రెండోది లేదు అంటాడు. ఏంటా ఒక్కటి? అతన్ని జనం చేతకానివాడు అనుకుంటారు. బలాన్ని చెప్పే మాట పెట్టుకుని బలహీనుడన్న పేరు తెచ్చుకోవడం. అదే భారతంలో ద్రౌపది అడవిలో ధర్మరాజును నిలదీస్తుంది. ఎప్పుడూ ఓర్పేనా, కోపానికి కూడా ఒక వేళ ఉండదా అని. ప్రహ్లాదుడు మనవడు బలికి చెప్పిన మాటే తోడు తెచ్చుకుంటుంది. ఎప్పుడూ కోపమూ మంచిది కాదు, ఎప్పుడూ క్షమా మంచిది కాదు అన్న మాట. నాకు ద్రౌపది పక్షమే సబబనిపిస్తుంది. ఆవిడ గురించి మళ్లీ చెబుతాను.

మన్నించు అన్న మాట ఉంది మనకి. అందమైన మాట. మన్నించడం అంటే క్షమించడమే కాదు, గౌరవించడం కూడా. ‘నా మాట మన్నించి వచ్చారు’ అంటాం. ‘పాఠకుల మన్ననలు పొందింది’ అంటాం. మన్నించమని అడిగినవాడు, నా తప్పు వదిలెయ్, నా మర్యాద మాత్రం ఉంచు అని రెండూ కలిపి అడుగుతున్నాడు. ఇక మాఫీ ఉంది. ఉర్దూలో మనిషిని క్షమించడానికీ అదే మాట. మన దగ్గర మనుషులకు మాఫీ లేదు. రుణానికి ఉంది, శిస్తుకు ఉంది. ఉరిశిక్ష పడ్డవాడికైతే క్షమాభిక్ష. రాష్ట్రపతి 72వ అధికరణం కింద, గవర్నరు 161వ అధికరణం కింద దయ చూపొచ్చు. భిక్ష అన్న మాట అక్కడ ఎందుకు చేరిందో ఆలోచిస్తే ఒళ్లు జలదరిస్తుంది. అడగడమే అతని వంతు, పెట్టడం పెట్టకపోవడం అవతలివాళ్ల దయ.

కొంచెం తేలికపడదాం. తిట్లలోకి వద్దాం. బూతులు కాదు, ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు. మగవాళ్లకు మాత్రం వినిపించొచ్చా అని అడగకండి. ఒకణ్ణి గట్టిగా చివాట్లు పెట్టడానికి మనకున్న మాటలు చూడండి. కడిగేశాడు. దులిపేశాడు. ఉతికి ఆరేశాడు. తలంటాడు. చాకిరేవు పెట్టాడు. తూర్పారబట్టాడు. తూర్పారబట్టడం అంటే ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు. కళ్లంలో గాలి వీచేటప్పుడు ధాన్యం పైనుంచి పోస్తే తాలు ఎగిరిపోతుంది, గట్టి గింజ కింద పడుతుంది. అదీ తూర్పారబట్టడం. ఏం కనబడుతోంది మీకు? అన్నీ శుభ్రం చేసే పనులే! తిట్టేవాడు నేను తిడుతున్నానని అనుకోడు. వీడికి మట్టి అంటింది, వదిలిస్తున్నాను అనుకుంటాడు. అక్షింతలు వెయ్యడం కూడా అంతే. పెళ్లిలోనూ అక్షింతలే, ఆఫీసులో పెద్దసారు గదిలోనూ అక్షింతలే.

కానీ దెప్పిపొడవడం వేరు. ఎత్తిపొడవడం వేరు. ఆ రెంటిలో పొడవడం ఉంది చూశారా. అక్కడ శుభ్రం లేదు, గాయమే. సాధించడం ఇంకా వేరు. ‘అత్తగారు సాధిస్తుంది’ అంటే ఆవిడేదో విజయం సాధించిందని కాదు. ఒకే తప్పును ఏళ్ల తరబడి వదలకుండా పట్టుకోవడం. పట్టుదల మాత్రం ఏ విజయానికీ తీసిపోదు. నిష్ఠూరం అని ఒకటుంది. సంస్కృతంలో నిష్ఠురం అంటే కఠినం. మన దగ్గరికొచ్చి దీర్ఘం తీసింది, మెత్తబడింది. ‘పెళ్లికి పిలవలేదేం’ అని మేనత్త ఆడే నిష్ఠూరం చూడండి, అది కోపమా, ప్రేమా? పరాయివాళ్ల మీద నిష్ఠూరాలు ఆడలేం. వాళ్ల మీద ఫిర్యాదు చేస్తాం.

ఫిర్యాదు అన్నాను కాబట్టి కోర్టులోకి వచ్చేశాం. నింద ఎప్పుడూ బరువే, గమనించండి. నింద మోపుతాం, నింద మోస్తాం. అందుకని నిందితుడు అంటే ఏంటి? నింద పడ్డవాడు, అంతే. రుజువయితేనే దోషి. టీవీలో ‘నిందితుడు’ అని చదువుతూ ఆ గొంతులో దోషి అని పలికిస్తారు. అది నాకు నచ్చదు. ఇక ముద్దాయి. ఉర్దూలో ముద్దయీ అంటే ఎవరో తెలుసా? దావా వేసినవాడు. ఫిర్యాది! మన తెలుగులో ముద్దాయి అంటే బోనులో నిలబడ్డవాడు. వేలు చూపించినవాడి పేరు, వేలు చూపించబడ్డవాడికి అంటుకుంది. ఎంతమంది ప్లీడర్లకు చెప్పినా నమ్మేవారు కాదు.

శ్రీకృష్ణుడు కూడా నిందితుడే కదా. వినాయక చవితి కథ అంతా అదే కేసు. శమంతకమణి పోయింది, ప్రసేనుడు చచ్చిపోయాడు, కృష్ణుడు అంతకుముందు ఆ మణి అడిగాడు. సాక్షుల్లేరు, అనుమానం ఉంది. సత్రాజిత్తు మోపేశాడు. పాపం కృష్ణుడు అడవిలో అడుగుజాడలు పట్టుకుని వెళ్లి, ప్రసేనుణ్ణి సింహం చంపిందని, సింహాన్ని జాంబవంతుడు చంపాడని తానే దర్యాప్తు చేసుకోవాల్సొచ్చింది. మరి సత్రాజిత్తు ఏ మాటలతో క్షమాపణ చెప్పాడు? మనం కథ చదువుకునేటప్పుడు అదెవరికీ గుర్తుండదు. మణితో పాటు కూతురు సత్యభామనిచ్చి పెళ్లి చేశాడు, అది గుర్తుంటుంది. నీలాపనింద అన్న మాట మన ఇళ్లల్లో ఆ పూజ వల్లే బతికుంది.

ఒక చిన్న సంగతి చెప్పి తీరాలి. మందలించడం. కోస్తాలో మందలించడం అంటే మెల్లగా చివాట్లు పెట్టడం. చట్టంలో కూడా ఉంది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం మూడో సెక్షన్, చిన్న నేరమైతే మందలించి వదిలెయ్యొచ్చు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక తెలంగాణ సాక్షి, ‘ఆయన ఇంటికి పొయ్యి మందలిచ్చి వచ్చిన’ అన్నాడు. నేను గబగబా రాసేసుకున్నాను. అంటే కొట్లాటకు ముందే ఇంటికెళ్లి తిట్టొచ్చాడన్నమాట! ప్లీడరు నవ్వి చెప్పారు. తెలంగాణలో మందలించడం అంటే పలకరించడం. ఆ ఇంట్లో ఎవరో పోయారు, ఇతను పరామర్శకు వెళ్లాడు. నా కలం వల్ల ఒక పరామర్శ బెదిరింపు అయిపోయేది. నెల్లూరు మిత్రులెవరైనా ఉన్నారా? మీ దగ్గర ‘ఏం మందల?’ అంటే ఏంటి సంగతులు అని కదా. అదీ.

ఇందాక ద్రౌపది సంగతి మళ్లీ చెబుతానన్నాను. నిద్రపోతున్న ఐదుగురు కొడుకుల్ని అశ్వత్థామ చంపాడు. అర్జునుడు పశువును కట్టినట్టు కట్టి తెచ్చి ముందు పడేశాడు. పోతన భాగవతంలో ఈ ఘట్టం చదవండి. ఆవిడ ముందు నింద తగ్గించలేదు. నా పిల్లలు ఆయుధాలు పట్టుకుని నీ మీదికి వచ్చారా, యుద్ధంలో ఉన్నారా, నీకేమన్నా ద్రోహం చేశారా అని అడుగుతుంది. చీకట్లో నిద్రపోయేవాళ్ల మీదికి చేతులెలా వచ్చాయంటుంది. అక్కడ కర్త ఎక్కడా దాక్కోలేదు. ఎదురుగానే ఉన్నాడు. ఆ తర్వాత, వీడి తల్లి ఇంట్లో నాలాగే ఏడుస్తూ ఉంటుంది, వదిలిపెట్టండి అంటుంది. ‘క్షమించాను’ అని కాదు. వదలండి అని. నేను మొదట చెప్పిన పిల్లాడు, గ్లాసు పగిలిందన్నవాడు, చేసినవాణ్ణి ముందే దాచేశాడు. రాజకీయ నాయకుడూ అంతే. ఈవిడ పగలగొట్టింది నువ్వే అని చెప్పి, ఆ తర్వాత వదిలింది. అందుకే నాకు అది పెద్ద క్షమ అనిపిస్తుంది.

అయితే దానికి ఎదురు సాక్ష్యం కూడా నా దగ్గరుంది. అది చెప్పి దిగిపోతాను, టీ వచ్చినట్టుంది.

ఒక ముసలామె. కొడుకు కొట్టాడని కేసు. ఇరుగుపొరుగు వాళ్లు ఆస్పత్రికి తీసుకెళ్లారు, డాక్టరు సర్టిఫికెట్టు ఉంది, కుడి చెయ్యి ఎముక విరిగింది. బోనులో కొడుకు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ప్రభుత్వ ప్లీడరు అడిగారు, ‘ఏమ్మా, చెయ్యి ఎవరు విరగ్గొట్టారు?’ ఆమె అంది, ‘విరిగిందయ్యా.’ ‘ఎలా విరిగింది?’ ‘ఎలాగో విరిగింది.’ ‘విరిగిందా, విరగ్గొట్టారా?’ ‘విరిగింది.’ ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా ఆమె నోటివెంట ‘గొట్టాడు’ రాలేదు. ప్లీడరు ఆమెను ప్రతికూల సాక్షిగా, అంటే పిలిచిన పక్షానికే ఎదురు తిరిగిన సాక్షిగా, ప్రకటించమన్నారు. జడ్జిగారు, భయపడుతున్నావా అమ్మా అని కూడా అడిగారు. ఆమె ఆయన వంక చూసింది గానీ జవాబు చెప్పలేదు.

పద్ధతి ప్రకారం రాసింది చదివి వినిపించాలి. వినిపించాను. ‘నా కుడి చెయ్యి విరిగినది.’ సరిగ్గా ఉందా అమ్మా అన్నాను. ‘సరిగ్గా రాశావు నాయనా’ అంది. సంతకం రాదు, వేలిముద్ర వేసింది. అది క్షమా, భయమా, అన్నం పెట్టేది ఆ కొడుకు ఒక్కడే అన్న లెక్కా, నేను అప్పుడు తేల్చుకోలేదు, ఇప్పుడూ తేల్చుకోలేదు. ఆవేళ మధ్యాహ్నం హాలు బయట వరండాలో చూశాను. ఆమె ఒంటిచేత్తో గోడ పట్టుకుని మెట్లు దిగబోతోంది. కొడుకు పరిగెత్తుకొచ్చి, ఆమె చెప్పులు వెతికి తెచ్చి కాళ్ల ముందు పెట్టాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.

ఉంటానండీ. ప్రశ్నలుంటే టీ తాగుతూ మాట్లాడుకుందాం.